మునిగే భూమి, పారే భూమి

2024 ఆగస్టులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు ఆగిపోయాయి. చెరువుల్లో ఆక్రమణలు కూల్చడానికి సర్కారు పెట్టిన హైడ్రా పుట్టి అప్పటికి నెల దాటింది. టీవీ పెడితే చెరువు ఒడ్డు, జేసీబీ, ఏడుస్తున్న మనిషి. మా గేటు నుంచి చెరువు కట్టకు నాలుగు నిమిషాల నడక. అందరిదీ ఒకటే టెన్షన్: మనం ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే నేలలో) ఉన్నామా, బఫర్‌లో (దాని చుట్టూ కట్టకుండా వదలాల్సిన పట్టీలో) ఉన్నామా? ఒకాయన శాటిలైట్ మ్యాప్ మీద ఎర్ర గీత గీసి పెట్టాడు. ఇంకొకాయన అదే మ్యాప్ మీద నీలం గీత గీసి, ఎర్ర గీత తప్పన్నాడు. రాత్రి పదకొండు దాకా గీతల గొడవే.

మర్నాడు పాలు పోయడానికొచ్చిన తాతను అడిగాను. ఈ ఊరివాడే. వాళ్ల నాయిన ఈ చెరువుకు నీరటి, అంటే తూము తీసి మడులకు నీళ్లు వదిలే మనిషి. క్యాను కింద పెట్టి, మా సెల్లార్ వైపు ఒకసారి చూసి, "మీది మునిగే భూమి గాదు బిడ్డా, పారే భూమి. మా నాయిన తూము ఇప్పితే మొదటి నీళ్లు గీ మడికే" అన్నాడు.

రెండు వందల మెసేజ్‌లలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. చెరువుకు ఎంత దూరంలో ఉన్నామన్నదే కొలుస్తూ కూర్చున్నాం గానీ, కట్టకు ఎటువైపు ఉన్నామని ఎవరూ అడగలేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల పాత ఊళ్లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో కూర్చున్నాయి. ఇది రాతి నేల. ఏడాది పొడుగునా పారే పెద్ద నది లేదు, మూసీ కూడా వానలకు పొంగి ఎండలకు సన్నబడేదే. పడే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబర్ లోపు పడిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే రెండు గుట్టల మధ్య వాగుకు అడ్డంగా మట్టికట్ట పోయాలి. కట్టకు ఎగువన నీళ్లు నిలుస్తాయి, అది మునిగే భూమి. దిగువన తూము నుంచి కాలువ పారుతుంది, అది పారే భూమి, అంటే ఆయకట్టు. ఊరు ఈ రెండిటిలోనూ ఉండదు. కట్ట ఒక కొసన, కాస్త ఎత్తు మీద, వరి పండని గట్టి నేల మీద ఉంటుంది. వరి పండే మడిలో ఇల్లు కట్టుకునేంత తెలివితక్కువతనం అప్పుడు ఎవరికీ లేదు. మా ఊరి గ్రామకంఠంలో, అంటే పాత ఊరి ఇళ్ల జాగాలో, ఇప్పటికీ పది పదిహేను పాత పెంకుటిళ్లు మిగిలాయి. 2020 అక్టోబర్ వానల్లో మా సెల్లార్‌లో కార్లు తేలుతుంటే ఆ ఇళ్ల వాకిళ్లలో చిత్తడి తప్ప నీళ్లు లేవు.

కట్ట మీద, తూముకు దగ్గర్లో, మైసమ్మ ఉంటుంది. శామీర్‌పేట కట్ట మైసమ్మకు పెద్ద పేరుంది గానీ, చిన్న చిన్న కుంటలకు కూడా పసుపు పూసిన ఒక రాయైనా ఉండాల్సిందే. ఊరికి అన్నం పెట్టేదీ కట్టే, గండి పడితే ముంచేదీ కట్టే. దేవత అక్కడ కాక ఇంకెక్కడ కూర్చుంటుంది?

నీరటి పని తూము తీసి మూయడం ఒక్కటే అనుకునేవాణ్ని. తాత చెప్పింది వింటే అది సగం పోలీసు ఉద్యోగం. ఏ మడికి ఏ రోజు నీళ్లు, ఎంతసేపు, అన్నీ ఆయన నోటి మీదే. నీళ్లు తక్కువైన ఏడు మొదట ఎవరి మడి ఎండాలో తేల్చేది కూడా ఆయనే. పటేల్ మడి ఎండబెట్టే ధైర్యం ఉండేదా అని అడిగితే తాత నవ్వి ఊరుకున్నాడు. జీతం ఉండేది కాదు. కొంచెం ఇనాం భూమి, పంట కల్లంలో ప్రతి రైతూ పోసే మేర, అంటే ధాన్యంలో వాటా. వాన గట్టిగా పట్టిన రాత్రి కట్ట మీద పడుకోవాలి. ఎలుక బొక్క నుంచి నీళ్లు ఊరుతున్నాయా అని లాంతరు పట్టుకుని వెతకాలి. మట్టికట్ట తెగడం మొదలయ్యేది చాలాసార్లు అలాంటి చిన్న బొక్క నుంచే.

ఎఫ్‌టీఎల్ అంటే ఎత్తు, దూరం కాదు

చెరువు నిండాక మిగులు నీళ్లు పోవడానికి కట్ట ఒక పక్కన రాతితో కట్టిన దారి ఉంటుంది. మా వైపు అలుగు అంటారు, మత్తడి అని కూడా అంటారు. మట్టికట్ట మీంచి నీళ్లు పొర్లితే కట్ట కోసుకుపోతుంది కాబట్టి అలుగును కట్ట కంటే చాలా తక్కువ ఎత్తులో పెడతారు. ఆ అలుగు రాయి పైఅంచు ఎత్తే ఫుల్ ట్యాంక్ లెవెల్. అంతకుమించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అలుగు పైఅంచుతో సమంగా చెరువు చుట్టూ ఒక ఊహాగీత తిప్పితే, దానికి లోపల, అంతకంటే పల్లంగా ఉన్న నేలంతా ఎఫ్‌టీఎల్ పరిధి. దాని మీద పట్టా ఉందా, ప్రభుత్వానిదా, గుడిదా అన్నది నీళ్లకు పట్టదు.

మన నేల చదునుగా ఉండడం వల్ల దీంతో ఒక చిక్కొచ్చింది. నూట యాభై అడుగులకు ఒక అడుగు వాలు ఉన్న చోట అలుగు మీద ఒక్క అడుగు గోడ పెంచితే నీళ్లు నూట యాభై అడుగులు లోపలికి పాకుతాయి. నాలుగు వరసల ఇటుకలు చాలు, ఎవరిదో ఒక ఎకరం చెరువైపోతుంది. అలుగును పగలగొట్టి అడుగు దించితే చెరువులోంచి అంత నేల బయటపడుతుంది. రెండూ జరిగాయి. నీళ్లు ఎక్కువ నిలవాలని అలుగు పెంచిన చెరువులూ ఉన్నాయి, నేల తేలాలని రాత్రికి రాత్రి అలుగు కొట్టేసినవీ ఉన్నాయి. అందుకే "చెరువే మా మీదకొచ్చింది సార్" అని ఒక పట్టాదారు అంటే వెంటనే కొట్టిపారేయలేం. పది మందిలో ఒకరిద్దరు నిజమే చెబుతుండొచ్చు.

అలుగు పారుతున్నప్పుడు నీళ్లు రాయి అంచుతో ఆగవు, దాని మీంచి ఒక అడుగో రెండడుగులో మందంగా దుంకుతాయి. అంటే పెద్ద వానలో చెరువు మట్టం ఎఫ్‌టీఎల్ కంటే పైనే ఉంటుంది. బఫర్ ఎందుకు వదలాలో ఇక్కడ అర్థమవుతుంది. 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలైతే 9 మీటర్లు కట్టకుండా వదలాలి. బఫర్‌లో భూమి సొంతదారుదే, కొనొచ్చు, అమ్మొచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. మా గ్రూపులో సగం గొడవ ఈ తేడా తెలియక వచ్చిందే.

మూడు ఆఫీసులు, మూడు ప్రశ్నలు

ఇక కాగితాల సంగతి. నిజాం కాలపు రెవెన్యూ భాష ఇంకా మన పహాణీల్లో, అంటే భూమి, సాగు వివరాలు రాసే రికార్డుల్లో, బతికే ఉంది. తడి భూమి తరి, మెట్ట ఖుష్కి. వానాకాలం వరి ఆబి, యాసంగిది తాబి. తరికి శిస్తు ఎక్కువ కాబట్టి సర్కారు ఏ మడి ఏ చెరువు కింద పారుతుందో జాగ్రత్తగా రాసిపెట్టింది. చెరువు అడుగు నేల శిఖం. పార్శీలో శికమ్ అంటే పొట్ట. చెరువు పొట్ట! ఇంత చక్కటి మాట రెవెన్యూ రికార్డులో ఇంకొకటి కనపడదు.

పొట్ట నిండుతుంది, ఖాళీ అవుతుంది. యాసంగి పంటకు నీళ్లు వదిలేసరికి ఎండాకాలానికి చెరువు సగం పైన ఎండేది. ఆ తేలిన నేలలో పూడికమట్టి ఉంటుంది కాబట్టి దోస, పుచ్చ, కూరగాయలు బాగా కాసేవి. అలా సాగు చేసుకునేవాళ్లలో కొందరికి శిఖం పట్టాలు ఉన్నాయి. నీళ్లు తగ్గితే పంట వేసుకోవచ్చు, నిండితే నోరు మూసుకుని గట్టు మీదకు రావాలి. ఇది తరతరాల ఏర్పాటు, ఎవరికీ అభ్యంతరం లేదు. భూమి గజాల్లోకి మారాక అదే పట్టా కాగితం చేతులు మారింది. "పట్టా ల్యాండ్ సార్, క్లియర్ టైటిల్" అని చెప్పి అమ్మినవాడు అబద్ధమేమీ ఆడలేదు. ఏ రకం పట్టా అన్నది మాత్రం చెప్పలేదు, కొన్నవాళ్లు అడగలేదు.

దాంతో ఇవాళ ఒకే గజం నేల గురించి మూడు ఆఫీసులు మూడు వేర్వేరు ప్రశ్నలు వేసుకుంటాయి. రెవెన్యూవాళ్లది, ఇది ఎవరిది, ఏ తరగతి భూమి అన్న ప్రశ్న. శిఖం అనే మాట వాళ్లది. నీటిపారుదలవాళ్లకు కావాల్సింది చెరువు నిండితే ఇక్కడిదాకా నీళ్లొస్తాయా అన్నది. ఎఫ్‌టీఎల్ వాళ్లది. ఇక్కడ కట్టొచ్చా అని చూసేది మున్సిపాలిటీ, బఫర్ వాళ్లది. మూడు గీతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. పడాలన్న నియమమూ లేదు. శిఖం విస్తీర్ణం కంటే ఎఫ్‌టీఎల్ విస్తీర్ణం పెద్దగా ఉండడం మామూలే, ఎందుకంటే చెరువు నిండా నిండినప్పుడు అంచుల్లోని మామూలు పట్టా భూముల్లోకి కూడా నీళ్లు పోతాయి. ఇవి చాలవన్నట్టు నాలుగో ఆఫీసు ఉంది, రిజిస్ట్రేషన్‌ది. అమ్మినవాడు అమ్మాడు, కొన్నవాడు కొన్నాడు అని ముద్ర వేయడమే దాని పని. నీళ్ల సంగతి దానికి అక్కర్లేదు. "రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోను ఇచ్చింది, ఇంటి పన్ను కడుతున్నాం, కరెంటు మీటరు ఇచ్చారు" అని కూలిన గోడ ముందు నిలబడి చెప్పే ప్రతి మాటా నిజమే. ఆ నాలుగూ కలిపినా అలుగు ఎత్తు గురించి ఒక్క ముక్క చెప్పవు.

నా మటుకు నాకు, ముప్పై ఏళ్ల కిందట గ్రామపంచాయతీ లేఅవుట్‌లో నూరు గజాలు కొనుక్కున్న మేస్త్రీనీ, రాత్రుళ్లు మొరం లారీలు తోలించి చెరువు పూడ్పించినవాణ్నీ ఒకే గాటన కట్టడం న్యాయంగా అనిపించదు. పూడ్చినవాడు అమ్ముకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. జేసీబీ వచ్చేసరికి ఇంట్లో ఉన్నది కొన్నవాడు.

పూడిస్తే ఏమవుతుందో ఒక లెక్క చూద్దాం. ఒక ఎకరం నేల, ఆరడుగుల లోతు. అందులో పట్టే నీళ్లు సుమారు 74 లక్షల లీటర్లు. పదివేల లీటర్ల వాటర్ ట్యాంకర్లు 740. మొరం పోసినంత మాత్రాన ఆ వాన ఆగదు, 740 ట్యాంకర్ల నీళ్లూ అలుగు దాటి కింది ఊరికి పోతాయి.

తాత ఊళ్లో వరి ఆగిపోయాక

కింది ఊరు అన్నాను కదా. ఈ చెరువులు ఒంటరివి కావు. ఒకదాని అలుగు నీళ్లు వాగులో పడి రెండోదాన్ని నింపుతాయి, దాని అలుగు మూడోదాన్ని. గొలుసుకట్టు అంటారు. దక్కన్ పీఠభూమిలో కాకతీయుల కాలం నుంచీ చెరువుల లెక్క ఇదే. గోల్కొండ సుల్తాన్ల కాలంలో, 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ కట్టినా, పందొమ్మిదో శతాబ్దం మొదట్లో వరస కమానుల రాతికట్టతో మీరాలం చెరువు కట్టినా, చుట్టూ ఉన్న ఊరి చెరువుల గొలుసు అలాగే ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ నగరాన్ని ముంచెత్తాక, కారణాలు చూడటానికొచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీశారు: హైదరాబాద్‌కు ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులు. దాదాపు చదరపు మైలుకొకటి. ఆ వానకు వాటిలో 221 తెగాయి. పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందిచెరువు మీద పడతాయి, అది తెగితే దాని కిందిది. తర్వాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. నగరం తాగడానికి నీళ్లు దొరికాయి. మూసీని కొంత పట్టి ఉంచడం కూడా కుదిరింది.

గొలుసు తెగింది మాత్రం ఆ తర్వాత, నెమ్మదిగా, ఎవరూ గమనించకుండా. మా ఊళ్లో అది ఇలా జరిగింది. 1990ల చివర్లో నగరం పడమటికి జరిగింది. చెరువు కింది తరి భూములు ముందు పోయాయి, ఎందుకంటే చదునుగా ఉంటాయి, రోడ్డు వేయడం తేలిక. వరి ఆగింది. వరి లేకపోతే తూము తీసే పని లేదు. తూము తీయకపోతే నీరటి అక్కర్లేదు. తాత వాళ్ల నాయిన చనిపోయే నాటికి తూములో మట్టి గట్టిపడి రాయైంది. పైనుంచి కాలనీల మురుగునీళ్లు చెరువులోకి మళ్లాయి. ఎండాకాలంలో కూడా చెరువు నిండుగానే కనపడుతోంది. కొత్తగా వచ్చినవాళ్లం దాన్ని చూసి "లేక్ వ్యూ" అని మురిసిపోయాం.

మురిసిపోవాల్సింది కాదు. పాత చెరువు జూన్ నాటికి ఖాళీ పొట్టతో వానకు ఎదురుచూసేది. మొదటి రెండు మూడు పెద్ద వానల్ని మింగేసి, తర్వాత గానీ అలుగు పారేది కాదు. ఇప్పుడు దాని పొట్ట ఏడాది పొడుగునా మురుగుతో నిండే ఉంది. పడ్డ వాన పడ్డట్టే అలుగు మీద పడుతుంది. అలుగు నుంచి పోయే వాగు ఒకప్పుడు నలభై అడుగులట. మా గేటు ముందు అది ఇప్పుడు ఒక సిమెంటు పైపు. 2020 అక్టోబర్‌లో మా సెల్లార్ ఎందుకు మునిగిందో నాకు నాలుగేళ్ల తర్వాత, పాల క్యాను పక్కన నిలబడి తెలిసింది. మాది పారే భూమి. పారాల్సిన కాలువ లేదు, అంతే. "మునగదు బిడ్డా, గని గండి వడితే మొదలు మీ ఇంటికే" అని కూడా తాత చెప్పాడు. ఆ ముక్క గ్రూపులో పెట్టలేదు.

ఆ అక్టోబర్‌లోనే నగరం దక్షిణాన గుర్రం చెరువు, పల్లె చెరువు, అప్పా చెరువు కట్టలు తెగి కింది బస్తీల మీద పడ్డాయి. గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు నీళ్లు జాతీయ రహదారినే కోసేశాయి. వార్తల్లో "రికార్డు వర్షం" అన్నారు. వాన రికార్డే, కాదనలేం. కానీ 1908కీ 2020కీ తెగిన తీరు ఒకటే.

ఇప్పుడు చెరువుల "సుందరీకరణ" వచ్చింది. నాకు ఉదయం నడక అలవాటే, వాకింగ్ ట్రాక్ మీద కోపం లేదు. అయితే చాలా చోట్ల ట్రాక్‌ను ఎఫ్‌టీఎల్ గీత మీద కాక, ఆ రోజు నీళ్లు ఎక్కడ ఉంటే అక్కడ, ఒక్కోసారి ఇంకా లోపలికి, మట్టి పోసి వేస్తారు. పదేళ్లయ్యాక ట్రాకే చెరువు హద్దు అని అందరికీ నమ్మకం కుదురుతుంది. ట్రాక్ అవతల ఉన్న శిఖం ఖాళీ జాగా అయిపోతుంది. ఖాళీ జాగా ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది?

నీళ్లు మాత్రం పాత దారి మర్చిపోవు. అంబర్‌పేటలో బతుకమ్మ కుంట చూడండి. పాత రికార్డుల్లో 14 ఎకరాల పైచిలుకు. మిగిలింది 5 ఎకరాల పైచిలుకు, అది కూడా అప్పటికి చెత్త, ముళ్లపొదలే. 2025 ఫిబ్రవరిలో హైడ్రా తవ్వకం మొదలుపెడితే కొన్ని అడుగుల లోతుకే నీళ్లొచ్చాయి. పైపు పగిలిందేమోనని కొందరు అనుకున్నారు. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ లేదు, నల్లకుంటలో కుంట లేదు, తలాబ్ కట్టలో తలాబ్ లేదు. పేర్లు పెట్టినవాళ్లు పిచ్చివాళ్లు కారు.

మొన్న ఏప్రిల్‌లో మా ఆఫీసులో పనిచేసే తమ్ముడొకడు ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఒక చిన్న ఊళ్లో రెండు వందల గజాలు చూశాడు. చెరువు దగ్గరే, ధర తక్కువ. కాగితాలన్నీ ఫోనులో పెట్టుకుని ఎఫ్‌టీఎల్‌లో ఉందా అన్నా అని నన్నడిగాడు. ఆన్‌లైన్‌లో చెరువు మ్యాప్ చూశాం, తహసీల్ ఆఫీసులో 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీసుకున్నాం. పట్టా అనే ఉంది. ఒక ఆదివారం తాతను కారులో ఎక్కించుకుని వెళ్లాం. దారిలో ఒక మేస్త్రీని కూడా.

అక్కడ ఇంకా వరి ఉంది, చెరువు ఎండి ఉంది, నెర్రెలు కూడా పడ్డాయి. ప్లాటులో కొత్త మొరం, నాలుగు మూలలా తెల్ల సున్నం రాళ్లు. తాత ప్లాటు వైపు చూడనే లేదు. నేరుగా అలుగు దగ్గరకు పోయి, రాయి మీద చెయ్యి పెట్టి, "ఈడికెళ్లి పట్టు" అన్నాడు. మేస్త్రీ దగ్గర లెవెల్ పైపు ఉంది, ఇళ్లకు పునాది సమం చూసే సన్నటి పారదర్శక గొట్టం, లోపల నీళ్లు. ఒక కొస అలుగు అంచుకు ఆనించి, రెండో కొస నేను పట్టుకుని నడిచాను. పైపు అందినంత దూరంలో కర్ర పాతి గీత పెట్టడం, మళ్లీ అక్కడి నుంచి ఇంకో గీత. ఏడుసార్లు అయ్యాక ప్లాటు మూలకొచ్చాం. పైపులో నీళ్లు ఊగి ఊగి ఆగాయి. మేస్త్రీ నన్ను కదలొద్దన్నాడు, జేబులోంచి బొగ్గుముక్క తీసి కర్ర మీద గీత గీశాడు.

మొరం పోసిన నేల మీద నిలబడ్డా, గీత నా నడుం దగ్గరికొచ్చింది. తమ్ముడు ఆ గీత వంక కాసేపు చూసి, ఏజెంటుకు ఫోన్ చేసి అడ్వాన్స్ సంగతి తర్వాత మాట్లాడతానన్నాడు.